లిబ్రాదో తుంచిన పిలక

లిబ్రాదో కియావా మొక్కకు నీళ్లు కావాలో వద్దో తెలుసుకోవడానికి మట్టిలో వేలు పెట్టేవాడు కాదు. రెండు చేతులతో కుండీని జానెడు పైకెత్తి, కాసేపు అలాగే పట్టుకుని, "గురువారం దాకా వద్దు" అంటూ దించేవాడు. ఫోర్తిన్ ఊరికి పైనున్న నర్సరీలో అతని పక్క బల్ల దగ్గర నేను ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఆ గురువారం బుధవారం కావడం ఎన్నడూ చూడలేదు.

అతనికి ఈ పని ఎవరూ నేర్పలేదు. పైన కొండల్లో వాళ్ల నాన్న కాఫీ పళ్లు కోసేవాడు. మంచు పడి తోటలు మాడిపోయిన ఏడు లిబ్రాదో కిందికి దిగి నర్సరీలో మట్టి మోసే పనికి కుదిరాడు. చచ్చిన మొక్కల్ని కుప్పలో పారేసి రమ్మనేవాళ్లు. పారేసే ముందు అతను ఒక్కోదాన్నీ షెడ్డు వెనక కత్తితో నిలువునా చీల్చి, చావు ఎక్కణ్ణుంచి మొదలైందో చూసేవాడట. ఎండకు పోయినవి, పురుగుకు పోయినవి, నీళ్లు లేక పోయినవి, నీళ్లు ఎక్కువై పోయినవి. ఈ చివరి రెండూ పైకి ఒక్కలాగే ఉంటాయి. రెండింటికీ ఆకులు వేలాడిపోతాయి. వేరు చూస్తేనే తేడా. దాహంతో ఉన్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరును రెండు వేళ్లతో లాగితే పైతోలు ఊడి చేతిలోకొచ్చి, లోపల దారం లాంటిది మిగులుతుంది. చదువుకున్నవాళ్లు వచ్చి మా అందరికీ ఈ సంగతి చెప్పేనాటికి లిబ్రాదోకి పదేళ్లుగా తెలుసు.

మా నర్సరీలో సగం నేల మోషే ఊయలలదే. బయటివాళ్లు పీస్ లిల్లీ అంటారు. తెల్లటి రేకు వంగి, మధ్యలో ఉన్న కంకిని పొత్తిళ్లలో బిడ్డలా దాచుకుంటుంది కాబట్టి మాకది మోషే ఊయల. ఇంట్లో పెంచుకోవడానికి కొనుక్కెళ్లేవాళ్లకు లిబ్రాదో చెప్పే జాగ్రత్తలు ఎప్పుడూ అవే. నేరుగా ఎండ తగలనివ్వకండి, అలాగని చీకటి మూల పెట్టి పుయ్యలేదని నన్ను తిట్టకండి. కుళాయి నీళ్లు పట్టి ఒక రోజు బాల్చీలో వదిలెయ్యండి, లేకపోతే ఆకుల కొసలు మాడతాయి. మెరుపు కోసం ఆకులకు పాలూ బీరూ పుయ్యకండి, తడిగుడ్డ చాలు. పువ్వు పచ్చబడితే కాడను అడుగంటా కోసెయ్యండి. మొక్క వాలిపోతే నీళ్లు పొయ్యండి, గంటలో లేచి కూర్చుంటుంది. పోశాక కూడా లేవకపోతే మళ్లీ పొయ్యకండి, వేరుముద్దను బయటికి తీసి చూడండి. ఇంతకు మించి మాట్లాడేవాడు కాదు.

పిలకలు విడదీయడంలో అతని సాటి కూర్చోగలిగినవాళ్లు లేరు. వేరుముద్దను తొట్టి నీళ్లలో ఊపి మట్టి వదిలించేవాడు. పిలకకు సొంత వేళ్లు ఎన్నున్నాయో చూశాకే కత్తి. కత్తిని మంట మీద కాల్చి, ఒకే ఒక్క కోత. కోసిన చోట పిలకకూ తల్లిమొక్కకూ బొగ్గుపొడి అద్ది, నీడలో ఆరబెట్టి, అప్పుడు కుండీలో పెట్టేవాడు. కొత్తగా చేరినవాళ్లు పిలకను చూసుకుని మురిసిపోతుంటే, "తల్లిని చూపించు" అనేవాడు.

మా ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. అడిగి తెచ్చుకున్న పిలక నాటుకోదు, దొంగిలించింది నాటుకుంటుంది. అందుకని ఎవరి వసారాలోనైనా మొక్క నచ్చితే ఎంత బాగుందో అని ఒకసారి అంటాం, కాసేపాగి ఇంకోసారి అంటాం. ఇంటావిడకు అర్థమైపోతుంది. కాఫీ పెట్టుకొస్తానని లోపలికెళ్లి, కావలసినదానికన్నా ఎక్కువసేపు గిన్నెలు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు ఆగేలోపు మన పని మనం చేసుకోవాలి. తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే అడిగినట్టే అవుతుందట, మొక్క ఎండిపోతుందట. లిబ్రాదో ఇదంతా విని నవ్వేవాడు. నవ్వుతూనే తనూ అలాగే చేసేవాడు. నోరు తెరిచి అడిగితే ఎదుటివాళ్లను ఇరుకున పెట్టినట్టు కదా.

ఒతీలియా కొలోవా అతనికి కొమాద్రె. ఆమె కొడుకు నసారియోకు జ్ఞానస్నానం ఇచ్చిన రోజు బిడ్డను ఎత్తుకుని నిలబడింది లిబ్రాదోయే. ఆనాటి నుంచీ అతను ఆమెను కొమాద్రె అనీ, ఆమె అతన్ని కొంపాద్రె అనీ పిలుచుకునేవాళ్లు. లిబ్రాదో భార్య పోయాక ఆదివారాలు అతను వెళ్లే ఇల్లు అదొక్కటే. ఆ వసారాలో ఒక మోషే ఊయల ఉండేది. నర్సరీ రకం కాదు, ఒతీలియా భర్త ఎప్పుడో వాగు లోయలోంచి తవ్వి తెచ్చింది. మోచెయ్యంత ఆకులు. పొద్దున్నే పువ్వు దగ్గర సన్నటి వాసన. మా నర్సరీ మొక్కల్లో ఆ వాసన ఎప్పుడో పోయింది. లిబ్రాదో ఏళ్ల తరబడి దాన్ని చూసి ఊరుకున్నాడు, ఎందుకంటే అది ఒంటి మొక్కగానే ఉండేది. ఒక ఏడాది జులై మొదట్లో, తొలిసారిగా దాని పక్కన ఒక పిలక లేచింది.

ఆ ఆదివారం వాన పడుతోంది. లిబ్రాదో మొక్కను రెండుసార్లు మెచ్చుకున్నాడు. ఒతీలియా లేచి లోపలికెళ్లింది. అయితే ఆ ఇంట్లోకి నాలుగు నెలల క్రితమే కోడలు జెనోవేవా వచ్చింది. ఆ అమ్మాయి అప్పటికే దాల్చినచెక్క వేసి బెల్లం కాఫీ కాచి దించేసింది. గిన్నెలు రెండుసార్లు మోగి ఊరుకున్నాయి. చెప్పుల చప్పుడు ఇటు రావడం మొదలైంది. లిబ్రాదో జేబులో కత్తి ఉంది, తీసి తెరిచే వ్యవధి లేదు. బొటనవేలు మట్టిలోకి దింపి మెలితిప్పాడు. పిలకతో పాటు తల్లి దుంపలో మూడోవంతు వేళ్లతో సహా చీలి వచ్చేసింది. దాన్ని టోపీలో వేసుకుని, గుంటలో మట్టి నొక్కి, పైన నాచు కప్పాడు. కాఫీ వచ్చింది. తాగాడు. టోపీని ఒళ్లో బోర్లించుకుని గంటసేపు కూర్చున్నాడు.

అతనికి తెలుసు. తడి మట్టిలో పచ్చి గాయం. మొక్కను ఆ రోజే బయటికి తీసి ఆరబెట్టాలి, లేదా వారం పాటు ఒక్క చుక్క పొయ్యకుండా ఉండాలి. ఆ ఒక్క మాట చెప్తే మొక్క బతికేది. చెప్తే లిబ్రాదో కియావా పిలకను బొటనవేలితో పీకాడని ఒప్పుకున్నట్టు. లేచి వెళ్తూ, దారినపోయేవాడు అన్నట్టుగా, వానాకాలం కదా కొమాద్రె, నీళ్లు కాస్త తగ్గించండి అన్నాడు.

"ఆ పని ఇప్పుడు మా కోడలిది" అంది ఒతీలియా. "మీ నర్సరీలో చేరాలని ఉబలాటపడుతోంది కదా కొంపాద్రె. ముందు మా వసారాలో చెయ్యి తిరగనీ అని అప్పగించాను."

ఆ మాట నిజమే. పిలకలు విడదీసే బల్లల దగ్గరకు సెప్టెంబరులో ఇద్దరిని తీసుకుంటానని మా యజమానురాలు దోన్యా కార్లోతా చెప్పింది. జెనోవేవా పేరు ఆమె చెవిన వేసింది లిబ్రాదోయే. జెనోవేవాకు ఆ పని కావాలి. నసారియో చెరకు ట్రక్కు తోలుతూ వారంలో నాలుగు రోజులు ఇంటి పట్టున ఉండడు. అత్త వంటింట్లో ఏ గిన్నె ముట్టుకోవాలన్నా కోడలు అడిగి ముట్టుకోవాలి. తనదంటూ ఒక బల్ల, ఒక కత్తి ఉంటే చాలని ఆ అమ్మాయి నాతోనే ఒకసారి అంది.

నాలుగో రోజుకు మొక్క వాలింది. మూడోవంతు వేళ్లు పోయాక వాలకేం చేస్తుంది? ఒతీలియా చూసి దాహమనుకుంది, పొయ్యమంది. జెనోవేవా పోసింది. మర్నాడు ఇంకా వాలింది. ఇంకా పొయ్యమంది. ఆ పిల్ల, మట్టి తడిగానే ఉందత్తయ్యా అంటే, నాకు చెప్తావా అంది. పదిహేను రోజులకు ఆకులు ఒకటొకటే పసుపెక్కి, పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చాయి.

చేతి చలవ ఉన్నవాళ్లుంటారు, వేడి చెయ్యి వాళ్లుంటారు అని మా దగ్గర అందరూ అంటారు. వేడి చెయ్యి తగిలితే మొక్క మాడుతుంది, పిండి పులుస్తుంది, పొదగేసిన గుడ్లు మురుగుతాయి. ఒతీలియా కోడల్ని తిట్టలేదు. అదే ఎక్కువ నొప్పి. నెమ్మదిగా కుండీలన్నీ తన వైపు జరుపుకుంది. తర్వాత మొక్కజొన్న పిండి కలిపే పని కూడా తనే తీసుకుంది. పదహారేళ్లు బతికిన మొక్క ఆ చేతిలో పదిహేను రోజులు నిలవలేదని సంతలో ఎవరితోనో అంది. సంత మాట నర్సరీకి రావడానికి రెండు రోజులు చాలు.

లిబ్రాదో ఆదివారాలు వెళ్లడం మానలేదు. మానితే అనుమానం వస్తుందనుకున్నాడు. మా నర్సరీ మొక్కలు రెండు తీసుకెళ్లి ఇచ్చాడు. ఒతీలియా థాంక్స్ చెప్పి గోడవార పెట్టించింది. జెనోవేవా ఎటో చూస్తూ కాఫీ ఇచ్చి వెళ్లిపోయేది.

ఆగస్టు మధ్యలో దోన్యా కార్లోతా షెడ్డులోకి వచ్చి, ఆ అమ్మాయి వద్దు లిబ్రాదో, ఇంకెవరినైనా చూడండి అంది. నేను అక్కడే కుండీల్లోకి కాఫీ పొట్టూ ఆకుమన్నూ నింపుతున్నాను.

"వేడి చెయ్యి అంటూ ఏదీ ఉండదు దోన్యా కార్లోతా" అన్నాడు లిబ్రాదో. "కడుక్కోని చేతులుంటాయి, తొందరపడే చేతులుంటాయి. అంతే."

"నేనూ నమ్మనులెండి. కానీ బల్లల దగ్గర పద్నాలుగు మంది ఉన్నారు, వాళ్లు నమ్ముతారు. రేపు ఏ మడి కుళ్లినా ఆమె పేరే చెప్తారు. సరే, ఆ పిల్ల కాదంటే ఆ మొక్కను ఎవరు చంపినట్టు?"

లిబ్రాదో పక్కనున్న కుండీని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. అది ఖాళీ కుండీ. దోన్యా కార్లోతా కాసేపు చూసి వెళ్లిపోయింది.

ఆ వారం చివర్లో, మేమిద్దరం తొట్టి గట్టు మీద కూర్చుని ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి తమాలెలు విప్పుకుంటుంటే అతను తినకుండా చేతిలోనే పట్టుకుని అన్నాడు.

"ఎమెరీ, ఆ మొక్కను చంపింది నేను."

అంతా చెప్పాడు. టోపీలో తెచ్చిన పిలక తన ఇంట్లో ఎలా నాటుకుందో చెప్పాడు. అంత త్వరగా నాటుకున్న పిలకను తను ఎప్పుడూ చూడలేదట. కళ్లెదుట ఉంటే అన్నం సయించక బట్టలుతికే తొట్టి వెనక పెట్టాడట. అక్కడా మొగ్గ వేసిందట. ముందు తల్లిమొక్క బతుకుతుందేమోనని చూశాడు. తర్వాత ఒతీలియా మర్చిపోతుందేమోనని చూశాడు. ఆ తర్వాత ఇంకేం చూశాడో అతనికే తెలియదు.

మరి చెప్పొచ్చు కదా అన్నాను.

"ఈ ఊళ్లో నా గురించి చెప్పుకునేది ఒకటే ఉంది ఎమెరీ. నా చెయ్యి. ఇంకేముంది నాకు?"

"ఆ అమ్మాయి గురించి చెప్పుకునేది కూడా ఇప్పుడు ఒకటే" అన్నాను. "అదీ చెయ్యే."

కోపంతో అన్న మాట కాదు. కానీ అతను తమాలెను ఆకులో మళ్లీ చుట్టేసి లేచిపోయాడు. సాయంత్రం వెళ్తూ, ఆదివారం నాతో వస్తావా, పక్కన ఎవరైనా ఉంటే దారిలో వెనక్కి తిరగను అన్నాడు.

వెళ్లాం. పిలకను కుండీలో పెట్టి చంకన పెట్టుకొచ్చాడు. వసారాలో జెనోవేవా చిక్కుళ్లు వలుస్తోంది. ఒతీలియా ఉయ్యాల కుర్చీలో ఉంది. కుండీని చూడగానే ఆమె మొహం పక్కకు తిప్పేసింది. దొంగపిలకను అలా చూపించకూడదు మరి.

"కొమాద్రె, ఇది మీ మొక్క పిలక. నేను దొంగిలించాను."

"ఎందుకు కొంపాద్రె ఆ మాట ఎత్తుతారు? నాకు తెలీదా? నేను లోపలికెళ్లింది మరెందుకనుకున్నారు?"

"కత్తితో కొయ్యలేదు. బొటనవేలితో పీకాను. తల్లి దుంప మూడోవంతు ఊడొచ్చింది. మట్టి కప్పేసి కూర్చుని కాఫీ తాగాను. కుళ్లు అక్కణ్ణుంచి మొదలైంది. ఈ అమ్మాయి తప్పేం లేదు."

ఒతీలియా కుర్చీ ఊగడం ఆగిపోయింది. మాట్లాడినప్పుడు ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"మీరు తీశారని నాకు ఆ రోజే తెలుసు కొంపాద్రె. మొక్క పోయినప్పుడు ఆలోచించాను కూడా. దాని మీద పడ్డవి రెండు చేతులు. ఒకటి మీది, ఒకటి దీనిది. మీ చెయ్యి తప్పు చెయ్యదు కదా. ఇంక ఆలోచించడానికి ఏముందనుకున్నాను."

లిబ్రాదో కుండీని కింద పెట్టాడు. అది విన్నప్పుడు అతని మొహం ఎలా ఉందో నేను చూడలేదు, చూడాలనిపించలేదు. ఇన్నాళ్లూ తన మౌనం వల్ల ఆ పిల్లకు చెడ్డపేరు వచ్చిందనుకున్నాడు. వచ్చింది ఒక్క మౌనం వల్లే కాదు, తన మంచిపేరు వల్ల కూడా.

జెనోవేవా చిక్కుళ్లు వలవడం ఆపలేదు.

"నేను దాన్ని బోర్లించి చూశాను దోన్ లిబ్రాదో" అంది. "పారేసే ముందు. కుళ్లు ఒక పక్క నుంచే ఎక్కింది. చీలిన చోటు కనిపించింది. చెప్తే ఎవరు నమ్ముతారు? మీరే వచ్చి చెప్తారని చూశాను. నాలుగు ఆదివారాలు వచ్చారు. నాలుగుసార్లు నా చేతి కాఫీ తాగి వెళ్లారు."

"తప్పే అమ్మా."

"ఇక్కడ చెప్తే ఏం లాభం? నన్ను వద్దన్నది ఇక్కడ కాదు కదా."

అతను తలూపాడు. ఒతీలియా కోడల్ని క్షమాపణ అడగలేదు. ఆమె అలా అడిగే మనిషి కాదు. కాసేపటికి ఆ కుండీ వైపు గడ్డంతో చూపించి, "దీన్ని ఎక్కడ పెట్టాలో నువ్వే చూడమ్మాయ్" అంది. జెనోవేవా లేచి చేతులు కడుక్కుని, కుండీని ఎండ పడని మూలకు తీసుకెళ్లింది. నీళ్లు మాత్రం పొయ్యలేదు. ఎత్తినప్పుడే దాని బరువు చూసుకుంది.

సోమవారం పని మొదలవ్వకముందు లిబ్రాదో షెడ్డు మధ్యలో నిలబడ్డాడు. గొంతు పెంచి మాట్లాడడం అతనికి అలవాటు లేదు, వెనకవాళ్లు ఏంటి ఏంటి అని అడిగితే మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. అంటే రెండుసార్లు చెప్పాడు. టోపీ సంగతి కూడా దాచలేదు. దోన్యా కార్లోతా గుమ్మంలో నిలబడి విన్నది. ఎవరో నవ్వారు. మధ్యాహ్నానికి అతనికి దోన్ బొటనవేలు, అంటే బొటనవేలుగారు, అని పేరు పడింది, ఇప్పటికీ ఉంది. కత్తి ఎక్కడైనా కనిపించకపోతే, దోన్ బొటనవేలుకి కత్తెందుకు అంటారు. ఇంకో మార్పు కూడా వచ్చింది. అతను కోసిన పిలకల్ని ఇదివరకు చూడనక్కర్లేదని నేరుగా కుండీల్లో పెట్టేవాళ్లం. ఇప్పుడు ఒకసారి తిప్పి చూసి పెడతారు. తప్పు ఏమీ ఉండదు. అయినా చూస్తారు. వాళ్లు చూస్తున్నంతసేపూ అతను చేతులు తుడుచుకుంటూ నిలబడతాడు.

జెనోవేవాను మూడు నెలల కోసం తీసుకున్నారు. దోన్యా కార్లోతా మామూలుగానే కొత్త మనిషిని లిబ్రాదో బల్ల దగ్గర కూర్చోబెట్టబోయింది. అక్కడైతే పని త్వరగా వస్తుంది, అది జెనోవేవాకూ తెలుసు.

"అక్కడ వద్దండి" అంది. "నేర్చుకోవడం ఆలస్యమైనా ఫర్వాలేదు."

లిబ్రాదో అప్పటికే ఆమె కోసం తన బల్ల మీద సగం చోటు ఖాళీ చేసి, ఒక కత్తి సానబెట్టి పెట్టాడు. ఆ కత్తిని తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. జెనోవేవా నా దగ్గర కూర్చుంది. నాకు వచ్చినంత నేర్పాను. ఆమె చెయ్యి మరీ గొప్పదేం కాదు, చెడ్డదీ కాదు. నెమ్మది. మూడు నెలలయ్యాక ఉండిపోమన్నారు. అతనితో పలకరింపులు ఉన్నాయి, పొద్దున్నే నమస్కారం ఉంది. పని గురించి మాత్రం ఒక్క మాట అడగదు. ఆమెకు తెలియనిది వస్తే నన్ను అడుగుతుంది. నాకూ తెలియకపోతే నేను వెళ్లి లిబ్రాదోని అడిగి వస్తాను. అతను నాకు చెప్పేటప్పుడు ఆ అమ్మాయికి వినపడేంత గట్టిగా చెప్తాడు.

ఫిబ్రవరిలో ఒక పెద్ద తల్లిమొక్కను విడదీస్తూ ఆమె కత్తి పక్కకు జారింది. దుంప నడిమికి తెగింది. పొరపాటే. మేమందరం ఎప్పుడో ఒకప్పుడు చేసినదే, చప్పుడు చెయ్యకుండా కింద కుప్పలోకి తోసేసినదే. జెనోవేవా లేచి నిలబడి, ఆ రెండు ముక్కల్నీ చేతిలో పట్టుకుంది.

"ఇది నేను పాడు చేశాను" అంది, షెడ్డంతా వినేలా. "చూసుకోకుండా కోశాను."

నేను ముక్కలు తీసుకుని చూశాను. ఒకదానికి రెండు మంచి వేళ్లున్నాయి. బొగ్గుపొడి అద్దు, వారం ఆగి చూద్దాం అన్నాను. అవతలి బల్ల దగ్గర లిబ్రాదో కత్తి ఆగింది. తలెత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. కాసేపటికి మళ్లీ కొయ్యడం మొదలుపెట్టాడు, మామూలుకన్నా నెమ్మదిగా.